సమస్య: "గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర"

నిర్వాహకుడు:
ఈ వారం తేటగీతి. చివరి పాదం ఇచ్చేశాను, పై మూడూ మీవి. వస్తువు కూడా ముందే చెప్పేస్తున్నా: అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వైపు పోరాడి పేరు మోసిన అశ్వదళాధికారి బెంజమిన్ గ్రియర్సన్. చదరంగంలో గుర్రం, పెళ్ళికొడుకు ఎక్కిన అద్దె గుర్రం లాంటివి తెచ్చి తప్పించుకోవద్దు. మామూలుగా ఇలాంటి సమస్య ఇస్తే పదం విరిచేసో, ఎవడో తాగుబోతు అన్నాడనో దాటేస్తాం కదా, ఇక్కడ ఆ పని లేదు. పాదం అక్షరాలా నిజం. పుట్టింది 1826లో పిట్స్‌బర్గ్‌లో, పెరిగింది ఒహాయోలో. ఎనిమిదేళ్ళప్పుడు గుర్రం ముఖం మీద తన్నితే ప్రాణం మీదికి వచ్చింది, ఆ తర్వాత గుర్రాలంటే పడలేదు. పెద్దయ్యాక ఇలినాయ్‌లోని జాక్సన్‌విల్‌లో సంగీతం పంతులు, బ్యాండు నడిపాడు. వ్యాపారం పెట్టి మునిగాడు. 1861లో యుద్ధం వచ్చినప్పుడు ఆయన కోరుకున్నది కాలిబంట్ల దళం, గవర్నర్ ఇచ్చింది గుర్రపు దళంలో మేజర్ పదవి! కానివ్వండి.

గోదారి గట్టు:
బోణీ నాది.

ఎనిమిదేడుల ప్రాయాన నెగిరి తన్నె
మోము పగులగ హయ మొండు; ముదిరె పగయు;
కాల మీడ్చి తెచ్చెను వాని కదనమునకు;
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

పాత పలక:
ధార బాగుంది. మూడో పాదం చాలా నచ్చింది, తానుగా రాలేదు, కాలం ఈడ్చుకొచ్చింది అన్నది ఆ మనిషికి సరిగ్గా సరిపోయింది. "పగయు"లో ఆ "యు" మాత్రం గణం కోసం వచ్చి కూర్చున్నదే. ఇంకో చిన్న మాట, పూరణ మొత్తం చిన్ననాటి తన్ను దగ్గరే ఆగిపోయింది. "దొర" ఎలా అయ్యాడో చెప్పలేదు.

చికాగో చలి:
మా రాష్ట్రపు పంతులు కాబట్టి నేనూ ఒకటి. "దొర" ఎలా అయ్యాడో ఇందులో ఉంది పలక గారూ.

పాట నేర్పెడి పంతులు పదియు నాఱు
దినము లార్నూరు మైళ్ళను దిరిగి గెలిచె;
మిసిసిపీ యినుప పథము మెలిక దిప్పె;
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

పాత పలక:
యతులన్నీ సరే. "ఆర్నూరు" వాడుక మాట, పద్యంలో "ఆఱునూఱు" అనాలి, కానీ ఇరికించే చోటు లేదని నాకూ తెలుసు కనక వదిలేస్తున్నా. "గెలిచె" దగ్గర మాత్రం వదలను. ఆ దాడిలో గెలుపు అంటే ఏమిటి? ఏ కోటా పట్టుకోలేదే.

చికాగో చలి:
నిజమే, కోట పట్టడానికి కాదు వెళ్ళింది. 1863 ఏప్రిల్ 17న టెనెస్సీలోని లా గ్రాంజ్ నుంచి 1,700 మందితో బయల్దేరాడు. అసలు పని విక్స్‌బర్గ్ కోట వైపు ఉత్తరాది సేనాని గ్రాంట్ సైన్యం నది దాటేలోపు శత్రువు కళ్ళు వేరే వైపు తిప్పడం, ఆ కోటకి సరుకు మోసే రైలు దారి తెంచడం. మూడు రోజులకే జబ్బుపడ్డవాళ్ళనీ నీరసించిన గుర్రాలనీ వెనక్కి పంపేశాడు. మర్నాడు ఒక రెజిమెంట్ మొత్తాన్ని వెనక్కి తిప్పాడు, వెంటాడేవాళ్ళు అసలు దళమే తిరిగి పోతోంది అనుకోవాలని. శత్రువుల బట్టలు వేసుకున్న వేగులు ముందు నడిచేవాళ్ళు. 24న న్యూటన్ స్టేషన్‌లో రైళ్ళు తగలబెట్టి, పట్టాలు పీకి, టెలిగ్రాఫ్ తీగలు తెంచారు. అక్కణ్ణించి వచ్చిన దారిన వెనక్కి పోతాడని అందరూ కాపు కాస్తే, ఈయన దక్షిణంగా దూసుకుపోయి మే 2న లూసియానాలోని బేటన్ రూజ్‌లో తేలాడు, అది అప్పటికే తమ వాళ్ళ చేతిలో ఉంది. దారి పొడుగునా చచ్చిపోయింది ముగ్గురు. దీన్ని గెలుపు అనకపోతే ఇంకేమంటారు?

పాత పలక:
సరే, గెలుపే! ఇంత చెప్పాక ఏమంటాను. కానీ మీ పద్యంలో గిట్టకపోవడం ఏదండీ? పాట, పట్టాలు వచ్చాయి, గుర్రం సమస్యా పాదంలో తప్ప ఎక్కడా లేదు.

కొత్త కలం:
అందరికీ నమస్కారం. ఇదే మొదటిసారి, కొంచెం టెన్షన్‌గా ఉంది. యుద్ధం తర్వాత ఆయన చేసిన పని మీద రాశాను.

నల్లవారి దళమునకు నాయకుండు
తోటి యధికారు లందరు నవ్వుచుండ
వారి పక్షాన నిల్చిన వాడె వాడు
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

గోదారి గట్టు:
రండి రండి. వస్తువు అద్భుతంగా పట్టారు. రెండో పాదంలో యతి పోయింది చూడండి, "తో"కి "న" చెల్లదు. "నవ్వుచుండ" తీసేసి "తూలనాడ" పెట్టండి, గణాలు అవే, యతి కుదిరిపోతుంది. అర్థం కూడా బలపడుతుంది.

నిర్వాహకుడు:
తూలనాడటం నిజంగానే జరిగింది. 1866లో పదవ అశ్వదళం పెట్టినప్పుడు దానికి కల్నల్ గ్రియర్సన్. సైనికులంతా నల్లజాతివాళ్ళు, అధికారులు తెల్లవాళ్ళు. ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో అక్కడి కమాండర్ వీళ్ళకి బురదనేల చూపించి గుడారాలు వేసుకోమన్నాడు, కవాతులో తెల్ల దళాల దగ్గరికి రావద్దన్నాడు. గ్రియర్సన్ గొడవపడ్డాడు. పైగా ఈయన వెస్ట్ పాయింట్ సైనిక బడిలో చదివినవాడు కాదు, పాటల పంతులు, కాబట్టి ఆ చదువు చదివిన దొరలకి ఎలాగూ లోకువే. ఆ బడిలో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి అధికారి హెన్రీ ఫ్లిప్పర్ మీద 1881లో కోర్ట్ మార్షల్ పెట్టినప్పుడు ఫ్లిప్పర్ నిజాయితీకి మద్దతుగా ఉత్తరం రాసింది కూడా ఈయనే. అయినా ఫ్లిప్పర్‌ని తీసేశారనుకోండి. కొత్త కలం గారూ, మీ పద్యంలోనూ అదే లోపం, గుర్రం లేదు. మళ్ళీ ప్రయత్నించండి.

వరంగల్ వేణువు:
నా పూరణలో గిట్టకపోవడమే యుద్ధతంత్రం అయింది. 1880, టెక్సస్ ఎడారి, ఎదురుగా అపాచీ తెగ నాయకుడు విక్టోరియో.

నీటి గుంటల కాపుండి నిలిచె గాని
వెంట పడలేదు హయములు వెతల బడగ;
మండుటెండ విక్టోరియో మరలి పోయె;
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

గోదారి గట్టు:
అబ్బ! గుర్రాలు ఉరికించే పని లేని గుర్రపు యుద్ధం. ఆయన నిజంగా నీటి గుంటల దగ్గరే కూర్చున్నాడా?

వరంగల్ వేణువు:
కూర్చున్నాడు, అదీ జూలై 30న గుప్పెడు మందితో, పక్కన బడి సెలవులకి వచ్చిన కొడుకుతో. ఎడారిలో అపాచీల వెనక పరుగెత్తితే గుర్రాలు, మనుషులు చావడం తప్ప ఒరిగేది లేదని అప్పటికి అందరూ చూశారు. ఈయన ఎక్కడెక్కడ నీళ్ళున్నాయో అక్కడక్కడ మనుషుల్ని ముందే పెట్టాడు. ఆగస్టులో రాటిల్‌స్నేక్ స్ప్రింగ్స్ దగ్గర కూడా అంతే, విక్టోరియో మనుషులు దాహంతో వచ్చేసరికి ఎదురుగా పదవ దళం.

పాత పలక:
పద్యానికి నా వోటు దీనికే. కానీ "మరలి పోయె" అన్నది మరీ మెత్తగా ఉంది. సొంత నేల నుంచి, ప్రభుత్వం తెగలకి కేటాయించిన శాన్ కార్లోస్‌కి తోలబోతే ఎదురు తిరిగిన మనిషి విక్టోరియో. మెక్సికోలోకి నెట్టేస్తే ఆ అక్టోబరులోనే ట్రెస్ కాస్టిల్లోస్‌లో అక్కడి సైన్యం చేతిలో తన జనంతో సహా హతమయ్యాడు. నీళ్ళు ఆపి గెలిచిన గెలుపుని మెచ్చుకునేటప్పుడు పద్యంలో ఆ వైపు కూడా ఒక పాదం ఉండాలనిపిస్తుంది నాకు.

వరంగల్ వేణువు:
ఒప్పుకోను పలక గారూ, మూడు పాదాల్లో ఎంతని పడుతుంది? సమస్య దొర గురించి, విక్టోరియోకి విడిగా పద్యం రాస్తాను, చూడండి.

నిర్వాహకుడు:
నా వంతు. బేటన్ రూజ్ చేరబోయే ముందు, అలసి సొలసి దళమంతా నేల మీద నిద్రపోతుంటే ఈయన దగ్గర్లోని ఒక బంగళాలోకి వెళ్ళి నిద్ర ఆపుకోవడానికి పియానో వాయించాడు.

దళము నిదురింప మేల్కొని తాను మీటె
పరుల యింటి పియానోను బడలిక విడ;
పట్టు కళ్ళెమ్ముపై, మది పాటపైన;
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

గోదారి గట్టు:
మాస్టారూ, మూడో పాదం ఇంకొకళ్ళు రాసుంటే బాగుండేది అని అసూయపడే పాదం. "బడలిక విడ" కాస్త ముక్కలు తెగినట్టుంది.

కొత్త కలం:
మళ్ళీ రాశాను, ఈసారి గుర్రాన్ని మొదటి పాదంలోనే కట్టేశాను.

గుఱ్ఱమును గాదు, నమ్మెను కూడి నడచు
నల్ల యోధుల నాతడు, నాటి తోటి
దొరలు దూఱిన నించుక తొణకలేదు;
గుఱ్ఱ మనిన గిట్టని వాడె గుఱ్ఱపు దొర!

పాత పలక:
గ-క యతి మైత్రి, దొ-తొ యతి మైత్రి, రెండూ చక్కగా పడ్డాయి. "నాటి తోటి" ఒక్కటే కాస్త బరువు, అది వచ్చేసారికి చూసుకోండి. వేణువు గారూ, నా వోటు మార్చుకుంటున్నా.