షుగరున్న ఇంటి పిల్ల అని సంబంధం వదులుకోవడం సబబేనా?

హిందూపురం_అన్న:
అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. తమ్ముడికి సంబంధం చూస్తున్నాం. అమ్మాయి వాళ్ళది మదనపల్లె, ఉద్యోగం ఇక్కడే ఎలక్ట్రానిక్ సిటీలో. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఒకరికొకరు నచ్చారు. ఇక తాంబూలాలు పుచ్చుకోవడమే అనుకుంటుండగా అమ్మాయి అమ్మకీ నాన్నకీ షుగరని తెలిసింది. మా నాన్న అడ్డం తిరిగాడు. "ఇద్దరికీ ఉందంటే పిల్లకి వచ్చి తీరుతుంది, రేపు మన మనవలకీ వస్తుంది, తెలిసి తెలిసి తెచ్చుకుంటామా?" అంటున్నాడు. ఇదే అదనుగా అమ్మ మా మేనమామ కూతురి మాట ఎత్తింది. ఆ ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. తమ్ముడేమో, ఉమ్మి పంపితే జన్యువులన్నీ చూసి చెప్పే కంపెనీలున్నాయి, ఇద్దరం చేయించుకుంటాం, అది చూసైనా ఒప్పుకోండి అంటున్నాడు.

నేను తమ్ముడి పక్షమే. కానీ నాన్నకి చెప్పడానికి నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇది నిజంగా వంశంలో దిగేదేనా? తిండిదెంత, కడుపులో ఉన్నప్పటి సంగతులదెంత?

కడప_కోరమంగళ:
అన్నా, మీ నాన్న మాట చాదస్తం అని తీసిపారేయొద్దు. మా అమ్మానాన్నలిద్దరికీ షుగర్. అన్నకి వచ్చింది, ముప్పై దాటగానే నాకూ వచ్చింది. నేను లావు కాను. సిగరెట్ లేదు, మందు లేదు. డాక్టర్లు చదివే పుస్తకాల్లోనే ఉంది: తల్లిదండ్రుల్లో ఒకరికి టైప్ 2 షుగర్ ఉంటే పిల్లలకి జీవితంలో ఎప్పుడో వచ్చే అవకాశం 40 శాతం, ఇద్దరికీ ఉంటే 70 దాకా. చదువు చూస్తాం, ఆస్తి చూస్తాం, జాతకం చూస్తాం, ఆరోగ్యం చూస్తే మాత్రం తప్పా? నా అరికాళ్ళ మంటలు, నా కంటి పరీక్షలు, పూటపూటా మాత్రలు నా బిడ్డకి వద్దని నాకుంటుంది. మీ నాన్నకీ ఉన్న భయం అదే.

జీవశాస్త్రం_టీచర్:
కడప అన్నా, మీరు చెప్పిన అంకె సరైనదే. దాన్ని జన్యువుల అంకె అంటేనే ఒప్పుకోలేను. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి జన్యువులొక్కటే రావు. ఆ వంటిల్లు వస్తుంది, రాత్రి పదింటికి కంచం ముందు కూచునే అలవాటు వస్తుంది, అదే ఊరు, అలాంటిదే కూర్చుని చేసే ఉద్యోగం వస్తాయి. 40, 70 అన్న లెక్కలో ఇవన్నీ కలిసే ఉన్నాయి.

పోనీ షుగర్ లేని ఇల్లు వెతుక్కుంటే గండం తప్పుతుందా? మన మహానగరాల మీద 2020లో ఒక లెక్క వచ్చింది. ఢిల్లీ, చెన్నైలలో ఏళ్ళ తరబడి జనాన్ని గమనించి సేకరించిన వివరాలు అందులో ఉన్నాయి. ఇవాళ షుగర్ లేని ఇరవై ఏళ్ళ అబ్బాయికి మిగతా జీవితంలో అది వచ్చే అవకాశం 55.5 శాతం, అమ్మాయికి 64.6 శాతం. అమ్మకుందా నాన్నకుందా అన్న ప్రశ్నే లేదు ఇందులో, నగరంలో బతుకుతుంటే చాలు. హిందూపురం అన్నా, వైట్‌ఫీల్డ్‌లో కాపురం పెట్టబోయే మీ తమ్ముడి పరిస్థితి కూడా దరిదాపుల్లో ఇదే. నాన్నగారికి ముందు ఇది చెప్పండి.

జన్యువుల పాత్ర లేదనను, గట్టిగానే ఉంది. టైప్ 2 షుగర్‌తో ముడిపడ్డ తేడాలు మన జన్యుపదార్థంలో వందల చోట్ల దొరికాయి. చాలామందిలో మామూలుగా కనిపించే తేడాల్లో బాగా బలమైనదిగా పేరుబడ్డది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు దగ్గరిది. 2006లో ఐస్‌లాండ్ వాళ్ళు బయటపెట్టారు, చెన్నై జనంలో చూసినా నిజమేనని తేలింది. అంత బలమైనది కూడా ఒక్కో కాపీకి ప్రమాదాన్ని 40 శాతం పెంచుతుంది. అంటే నూటికి పదిమందికి వచ్చేచోట పద్నాలుగు మందికి వస్తుంది. ఇక బతుకు మారితే ఏమవుతుందో పిమా తెగని చూడండి. కొందరు అమెరికాలోని అరిజోనాలో ఉంటారు, వాళ్ళ రక్తసంబంధీకులే సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో సేద్యం చేసుకుంటూ ఉంటారు. 2006లో అచ్చయిన పోలికలో అరిజోనా వాళ్ళలో 38 శాతానికి షుగర్, మెక్సికో వాళ్ళలో 7 శాతానికి కూడా లేదు.

ఉమ్మి పరీక్షకి డబ్బు తగలేయొద్దని తమ్ముడికి చెప్పండి. జన్యువులు చూసి ఆ కంపెనీలిచ్చే ప్రమాదపు స్కోర్లు ఎక్కువగా యూరప్ జనం వివరాల మీద కట్టినవి, మనవాళ్ళ విషయంలో అంత బాగా పనిచేయవు. అమ్మాయి అమ్మానాన్నలకి ఏ వయసులో వచ్చిందో అడిగితే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది. తరం తర్వాత తరం, పాతికేళ్ళ లోపే, సన్నగా ఉన్నవాళ్ళకి వస్తూ ఉంటే అది ఎం.ఓ.డి.వై. అనే రకం కావచ్చు. అందులో ఒకే ఒక్క జన్యువు కారణం, ప్రతి బిడ్డకీ సగం అవకాశం. అక్కడ మాత్రం జన్యు పరీక్ష నిజంగా పనికొస్తుంది, కొందరికి ఇన్సులిన్ మాని మాత్రలతోనే నెట్టుకురావచ్చని తెలుస్తుంది. కడప అన్నా, మీ ఇంట్లో ఇంత చిన్న వయసులో వచ్చింది కాబట్టి మీ డాక్టర్ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

కోలార్_కోడలు:
నాకు రెండో కాన్పులో గర్భంతో ఉండగా షుగర్ వచ్చింది, కాన్పయ్యాక పోయింది. ఆనాటి నుంచి బాబుకి తుమ్మొచ్చినా "కడుపులోనే చక్కెర పోసి కన్నావు" అంటారు అత్తగారు. ఇప్పుడు ఎపిజెనెటిక్స్ పేరుతో వీడియోలు తిరుగుతున్నాయి. గర్భిణి తిన్నదీ ఏడ్చిందీ బిడ్డ జన్యువుల మీద ముద్రపడి ఏడు తరాలు పోతుందట. మా ఇంట్లో అవన్నీ నాకే పంపుతారు. జన్యువులంటే కనీసం ఇద్దరి వాటా ఉండేది. ఈ కొత్త సైన్స్ వచ్చాక తప్పంతా తల్లి మీదికే వచ్చింది. ఇందులో నిజమెంతో చెప్పండి టీచర్ గారూ. ఉన్నంత మేరకు ఒప్పుకుంటాను.

అనంతపురం_మట్టి:
అక్కా, అన్నీ అబద్ధాలు అనలేం. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలికి పోయారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. మా అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలోదే. ఆ ఆకలికి తట్టుకుని మిగిలినవాళ్ళ వారసులం మనం. గింజ కూడా వృథా చేయని ఒళ్ళు మనది, ఇప్పుడు మూడు పూటలా వరన్నం పడేసరికి షుగర్ అవుతోంది. డచ్ దేశంలో రుజువు చేశారు కదా, 1944–45 చలికాలంలో జర్మన్లు తిండి రాకుండా చేస్తే కడుపులో ఉన్న పిల్లల జన్యువుల మీద గుర్తులు పడ్డాయని. మనది అంతకన్నా పెద్ద ఆకలి. సీమవాళ్ళకి ఎందుకిలా అని అడిగేటప్పుడు ఆ చరిత్రని వదిలేసి మాట్లాడటం నాకు కష్టంగా ఉంటుంది.

జీవశాస్త్రం_టీచర్:
మట్టి గారూ, డచ్ వాళ్ళ సంగతి నిజమే. వెయ్యి కేలరీలకి లోపు రేషన్‌తో రోజులు నెట్టారు. సరిగ్గా ఆ నెలల్లో కడుపున పడ్డవాళ్ళకి అరవై ఏళ్ళ వయసులో రక్తం తీసి చూస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువు దగ్గర మిథైల్ అనే రసాయన గుర్తులు, ఆ కరువు తగలని సొంత తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయి. 2008లో అచ్చయింది. డీఎన్‌ఏ వరుస మారలేదు. ఆ జన్యువు ఎంతవరకు పనిచేయాలన్న అదుపులో తేడా వచ్చింది. కడుపులో కరువు చూసినవాళ్ళు పెద్దయ్యాక వాళ్ళ ఒళ్ళు చక్కెరని సరిగా అదుపు చేయలేకపోవడమూ కనిపించింది. అయితే ఆ గుర్తే జబ్బు తెచ్చిందని తేలలేదు. తేడా కూడా చిన్నదే.

ఇదంతా కడుపులో ఉన్న బిడ్డకి నేరుగా తగిలిన దెబ్బ. తరతరాలుగా దిగడం వేరే విషయం. అండం ఫలించిన తొలి రోజుల్లోనే ఈ మిథైల్ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి. తర్వాత ఆ పిండంలో తన అండాలకో వీర్యకణాలకో మూలమైన కణాలు ఏర్పడే దశలో మళ్ళీ చెరుగుతాయి. ఇంకో చిక్కు చూడండి. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు తయారవుతాయి. అంటే మీరు ఏ అండం నుంచి వచ్చారో అది మీ అమ్మమ్మ కడుపులో మీ అమ్మ ఉన్నప్పటిది. గర్భంతో ఉన్న ఒక్క మనిషి పస్తుంటే మూడు తరాలకి ఒకేసారి నేరుగా తగులుతుంది. వంశంలో దిగిందనాలంటే నాలుగో తరంలో చూపించాలి. ఎలుకల్లో, మొక్కల్లో అలాంటి ఉదాహరణలున్నాయి, మనుషుల్లో గట్టి రుజువు లేదు. ఆ కరువు మన సీమకి తగిలిన పెద్ద గాయం, మరవమని నేను అనను. కానీ పేదరికం, ఆడపిల్లకి ఆఖరున వడ్డించే ఆచారం తరం నుంచి తరానికి దిగడానికి మిథైల్ గుర్తులు అక్కర్లేదు.

కోలార్ అమ్మాయ్, ఇప్పుడు నీ ప్రశ్న. గర్భంలో షుగర్ బిడ్డమీద ప్రభావం చూపదని చెప్తే అబద్ధమవుతుంది. మైసూరులో అలాంటి తల్లుల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. మిగతా పిల్లలకన్నా వాళ్ళలో కొవ్వు, ఇన్సులిన్‌కి లొంగని గుణం ఎక్కువే. కానీ దీన్ని తొమ్మిది నెలల తిండి మీదికి నెట్టేవాళ్ళు పుణె చూడాలి. డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి అక్కడి ఆరు పల్లెల్లో తల్లుల్నీ పిల్లల్నీ గమనిస్తోంది. అక్కడ పుట్టే బిడ్డ బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డది 3.5. తగ్గిన బరువులో ఎక్కువ భాగం కండ, లోపలి అవయవాలదే. కొవ్వు మాత్రం దాదాపు అంతే ఉంది. సన్నటి ఒంట్లో కొవ్వు! 2004లో యాజ్ఞిక్ తన కొలతలు, ఇంగ్లండు డాక్టర్ యుడ్కిన్ కొలతలు పక్కపక్కన పెట్టి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు చూసే కొలత, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. కడప అన్నా, లావు కాని మీకు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకి కొంత జవాబు ఇక్కడుంది.

అలాంటి బిడ్డ అలా పుట్టడానికి తల్లి పుట్టినప్పటి బరువు, ఎదిగే వయసులో ఆమెకి దొరికిన తిండి, ఆమె ఎత్తు, రక్తంలో బి12 విటమిన్ అన్నీ కారణాలే. పుణె తల్లుల్లో మూడింట రెండొంతుల మందికి బి12 తక్కువ. బి12 తక్కువై ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రల్లో ఉండే విటమిన్) ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ళకే ఇన్సులిన్‌కి లొంగని గుణం ఎక్కువ కనిపించిందని 2008లో రాశారు. మీ పుట్టింట్లో మీకు పన్నెండేళ్ళప్పుడు గుడ్డు పెట్టారా లేదా అన్నది మీ అత్తగారు మిమ్మల్ని నిలదీసే విషయమా? ఆ వీడియోలు పంపేవాళ్ళు ఇంట్లో ఆడపిల్లల కంచంలో ఏముందో చూడాలి.

బెళ్ళందూరు_కొత్తకాపురం:
అయితే ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయాలా? నాకు మూడో నెల.

చెన్నై_నర్సు:
ఆపకు తల్లీ, వద్దు. బిడ్డ వెన్నుపాములో లోపాలు రాకుండా కాపాడేది అదే. 1991లో తేలిన ఇంగ్లండు పరీక్షలో, అంతకుముందు అలాంటి లోపమున్న బిడ్డని కన్న తల్లుల్లో మళ్ళీ రాకుండా 72 శాతం కాపాడింది. బి12 కూడా చూడమని డాక్టర్నడుగు, అంతే.

హిందూపురం అన్నా, మీరు రాసిందాంట్లో నన్ను భయపెట్టింది మదనపల్లె సంబంధం కాదు, మేనమామ కూతురి మాట. మేనత్త, మేనమామ పిల్లలకి ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చెడ్డ కాపీ వస్తేనే బయటపడే జబ్బులు అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో వేల కాన్పులు చూసి 2013లో చెప్పారు: పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా 3 శాతం, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో 6 శాతం. అంటే 94 మంది బాగానే ఉంటారు, నేను బూచి చూపించడం లేదు. కానీ మీ నాన్నగారు జన్యువులకి భయపడుతుంటే, భయపడాల్సిన చోట ధైర్యంగా ఉన్నారు. పిల్లల వార్డులో ఒకే రకం జబ్బుతో ఒకే ఇంటి పిల్లల్ని చూసి చూసి చెప్తున్నాను.

బయటి సంబంధమైనా పెళ్ళికి ముందు ఇద్దరూ ఒక్క పరీక్ష చేయించుకోండి, తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకి హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకున్నా ఒక్కో చెడ్డ కాపీ మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చేందుకు నాలుగింట ఒక వంతు అవకాశం. జవాబు సూటిగా ఉంటుంది, ఖర్చు తక్కువ.

షుగర్ విషయానికొస్తే మా చెన్నైలోనే డాక్టర్ రామచంద్రన్ బృందం చేసింది ఉంది. షుగర్ అంచున ఉన్న 531 మందిని తీసుకున్నారు. ఏమీ చేయని గుంపులో మూడేళ్ళకి 55 శాతం షుగర్‌లోకి జారారు. తిండి మార్చి, నడిపించిన గుంపులో 39.3 శాతం. 2006లో వచ్చింది. వీళ్ళు జన్యువులు మార్చుకోలేదు కదా.

కోలార్ అమ్మా, నీకు వేరే మాట. గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళకి తర్వాత టైప్ 2 వచ్చే ప్రమాదం దాదాపు ఏడు రెట్లు. కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయాలి, ఆ తర్వాత కూడా మానకూడదు. అందరూ బిడ్డ గురించే మాట్లాడతారు, తల్లిని ఎవరూ తీసుకురారు. నువ్వు చేయించుకున్నావా?

కోలార్_కోడలు:
లేదమ్మా. ఎవరూ చెప్పలేదు. సోమవారం వెళ్తాను.

హిందూపురం_అన్న:
అందరికీ దండాలు. నాన్నకి చదివి వినిపించాను. నగరాల లెక్క విని ఊరుకున్నాడు, మేనరికం మాటకి అమ్మకి కోపమొచ్చింది. నర్సమ్మా, నాన్నకి ఇంతవరకు ఒక్కసారి కూడా షుగర్ చూడలేదు. చూపిద్దామంటే "నాకేం, రాయిలా ఉన్నా" అంటున్నాడు.

చెన్నై_నర్సు:
దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. వాళ్ళలో రాయిలా ఉన్నామనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించండి, పరగడుపున వెళ్ళక్కర్లేదు.

కడప_కోరమంగళ:
టీచర్ గారూ, ఆ ఎం.ఓ.డి.వై. సంగతి డాక్టర్నడుగుతాను. కానీ నా మాట నాదే. నగరమంతా సగం మందికి వస్తుందన్నంత మాత్రాన 70ని ఎంచుకోమనడం ఏం న్యాయం? తగ్గించుకునే దారి ఉంటే తగ్గించుకోవాలి.

కోలార్_కోడలు:
అన్నా, మీకు పిల్లలున్నారా? రేపు వాళ్ళకి సంబంధం చూసేటప్పుడు, తండ్రికి షుగర్, తాత నాయనమ్మలిద్దరికీ షుగర్ అని అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోతే?

కడప_కోరమంగళ:
పాప ఉంది. దాచిపెట్టి మాత్రం పెళ్ళి చేయను. ముందే చెప్తాను, పోయేవాళ్ళు పోనీ. ఇప్పట్నుంచే దాన్ని సాయంత్రాలు ఆటకి పంపుతున్నాను, గుడ్డు పెడుతున్నాను. నా చేతిలో ఉన్నది అది.