ఇంటి నుంచి పని: ఉత్సాహం నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న: 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హైదరాబాద్ వదిలి భీమవరం వచ్చేసిన నేను, నాటి నుంచీ ఇంట్లోనే ఉండి న్యూయార్క్ బృందంతో పనిచేస్తున్నాను. పడకగది మూలన ఉన్న బల్లే ఆఫీసు కావడంతో పని ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో తెలియక ఉత్సాహం సన్నగిల్లుతోంది. అనుభవజ్ఞులు దారి చూపగలరా?

సమాధానం 1: మీ బాధ నాకు బాగా తెలుసండీ. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30. నవంబరులో వారు గడియారం వెనక్కి తిప్పాక అది 7:30 అవుతుంది. ఆ గంట తేడాకే నా భోజనం, నిద్ర చెదిరిపోయేవి. అందుకే సమావేశాలు రాత్రి 10 లోపు ముగించేలా బృందాన్ని ఒప్పించి, మిగిలిన విషయాలను రాసి పంపుతున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, మీరూ అడగండి.

సమాధానం 2: ముందు బల్లను పడకగదిలోంచి తీసేయండి. నేను వరండాలోకి మార్చుకున్నాను. పని అయ్యాక ల్యాప్‌టాప్ మూసి, దానిపై మా అమ్మ పాత చీర ముక్క కప్పుతాను. కప్పాక తెల్లవారేదాకా తీయను.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. సోమవారమే మా మేనేజరుతో మాట్లాడతాను. మా వరండాలోకి వాన జల్లు కొడుతుంది కనుక, హాలులో కిటికీ పక్కన చోటు చూస్తున్నాను.