కయాక్ ట్రోలింగ్: డౌన్‌రిగ్గర్ లేకుంట లూర్‌ని లోతుకు దింపుడెట్ల?

ప్రశ్న:
అన్నా, నాది మెహదీపట్నం. ఆదివారం ఆదివారం సింగూరు దిక్కు కయాక్ ఏసుకొని పోతున్న, వాలుగ కోసం. మోటర్ లేదు, తెడ్డే. ట్రోలింగ్ అని లూర్ (ఉత్తుత్తి చేప ఎర) ఎనక ఇడిచి తెడ్డేస్తుంటే అది పైపైనే వస్తుంది, నాలుగు వారాలైంది ఒక్క దెబ్బ పడలే. ఎండకు చేప కిందికి దిగిందనుకుంట. లైన్‌ను గుండుతోని లోతుకు దింపే డౌన్‌రిగ్గర్ పెడ్దామంటే మూడు నాలుగు కిలోల గుండు పక్కకు వేలాడాలె, అది మొద్దుకు పట్టిందంటే కయాకే బోర్లా పడ్తదేమోనని భయం. వేరే తరీక ఉందా?

జవాబు:
నీ భయం కరెక్టే, ఆ గుండు జోలికి పోకు. ముందుగాల లైన్ ఏంది నీది? లావు నైలాన్ అయితే నీళ్ళు దాన్నే పైకి నూకుతయి, సన్న బ్రెయిడ్ (అల్లిన లైన్) ఎక్కించు, అదే లూర్ ఇంకా కిందికి పోతది. పొడుగు మూతి ఉన్న డీప్ డైవర్ లూర్ (లాగుతుంటే కిందికి మునిగేది) తీస్కొని పాతిక ముప్పై మీటర్లు ఇడువు. బ్రెయిడ్ మీద పది మీటర్లకోసారి మార్కర్‌తోని నల్ల గీత గీసుకో, లేకపోతే ఎంత ఇడిసినవో నీకే తెల్వది, చేప పడ్డా మళ్ళ అదే లోతుకు పోలేవు.

ఇంకా కిందికి కావాలంటే లైన్‌కు 30 నుంచి 60 గ్రాముల సీసం, దానెనక స్వివెల్ (లైన్ మెలి పడకుండ తిరిగే కొలికి), దానెనక మీటర్ లీడర్ (లూర్‌కు కట్టే చివరి లైన్ ముక్క), చివర లూర్. లీడర్ రాడ్ కంటే పొడుగు పెట్టకు, సీసం రాడ్ కొసకు తాకి ఆగిపోతది, చేపేమో ఇంకా అంత దూరంలనే ఉంటది, కింద కూసున్నోనికి చెయ్యి అందదు, నేను మంచి వాలుగను గట్లనే పోగొట్టుకున్న. సీసం ఉంటే మెల్లగ తెడ్డెయ్యాలె, జోరు చేస్తే పైకి లేస్తది. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు లైన్ వదులై సీసం మునుగుతది, మొద్దులు పట్టేది అక్కడనే.

ఇంకొకరు:
అన్న చెప్పింది సరే గని లోతు ఎట్ల చూస్తవ్? తాడుకు రాయి కట్టి మీటర్‌కో ముడి ఏసుకో, ఒడ్డు దిక్కు ఏటవాలుగ వచ్చే జాగల నీళ్ళు కొలువు, తర్వాత అదే జాగల లూర్ లాగుకుంట ఒడ్డుకు రా. ఎక్కడ రాడ్ కొస టకటక కొట్టుకుంటదో లూర్ అడుగుకు తాకినట్టు, ఎనక లూర్ ఉన్న కాడి లోతే నీ లూర్ లోతు. సీసం లేని తేలే లూర్ మొద్దుకు పడితే గుంజకు, లైన్ వదులు చెయ్, మస్తు సార్లు అదే తేలి ఊడొస్తది.

కొర్రమట్ట కోసమైతే గింత లోతు అవసరమే లేదు, అది గాలి పీల్చేతందుకు పైకొస్తది, గడ్డి పక్కనే ఉంటది. బొచ్చె, రవ్వ లూర్‌కు కొడ్తయని ఆశ పెట్టుకోకు, వాటికి పిండి ఉండలే. అక్కడి మత్స్యకారుల సంఘపోళ్ళను అడిగినాకనే దిగు, వాళ్ళ వలలు ఏ పక్క ఉన్నయో కూడా చెప్తరు. డ్యామ్ కింద మంజీర అభయారణ్యం దిక్కు అసలే పోకు, అక్కడ మొసళ్ళున్నయి.

ప్రశ్న అడిగినాయన:
నిన్న చేసి చూసిన. బ్రెయిడ్ మీద 30 మీటర్లు ఇడిస్తే మూడో ముడి కాడ టకటక. ఇంతకుముందు నా నైలాన్‌తోని ఒకటిన్నర మీటర్ కూడా పోలేదన్నట్టు. వాలుగ పడలే గని ఒక జెల్ల పడ్డది.