అప్‌డేట్: నాన్న షుగర్, గుండె పరీక్షలు

తాతకు గుండెపోటు వచ్చింది, నాన్నేమో పరీక్షలంటే తప్పించుకుంటున్నారు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే అమ్మతో చెప్పించాను. మొన్న పరగడుపున తిరుపతిలో రక్తం ఇచ్చారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, 6.5 నుంచి షుగర్ జబ్బు. అంటే ఇంకా చేయి దాటిపోలేదు. ఈసీజీ బాగుంది. బీపీయే 146/92, అదే ఇప్పుడు నా టెన్షన్. వారం పాటు ఇంట్లో చూసి, రాసుకుని రమ్మన్నారు డాక్టర్. ఉప్పు తగ్గించమన్నారు.

రాగి సంగటి ఎంత తిన్నా మంచిదేనని నాన్న రెండు పెద్ద ముద్దలు వేసుకునేవారు. ఇప్పుడు ఒకటే, అదీ చిన్నది, పక్కన ఆకుకూర పప్పు నిండుగా. ఊరగాయ జాడీని అమ్మ పై అలమరలో పెట్టేసింది.

నిన్న సాయంత్రం ఆయనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "అలిపిరి దాకా నడుద్దాం, వస్తావామ్మా?" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి.