ఫ్రీ టెక్స్ట్‌బుక్ ఉందన్నా క్లాసులో ఎవరూ పట్టించుకోవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (ఫిజిక్స్ విద్యార్థి)

మా పేపర్‌కి చెప్పిన పుస్తకం క్లాసులో సగం మంది దగ్గర లేదు. లైబ్రరీలో ఉన్న మూడు కాపీలూ మొదటి వారంలోనే ఎవరో తీసుకెళ్లిపోయారు. నేను ఓపెన్‌స్టాక్స్ (ఉచిత పాఠ్యపుస్తకాలు తెచ్చే సంస్థ) వాళ్ల యూనివర్సిటీ ఫిజిక్స్ పుస్తకం దింపుకుని చదువుతున్నాను. మూడు వాల్యూములూ ఉచితమే, నాకు బాగానే అర్థమవుతోంది. క్లాస్ గ్రూపులో లింక్ పెడితే పన్నెండు మంది బొటనవేలు ఎమోజీ పెట్టారు. తర్వాత కదిపి చూస్తే, తెరిచింది ఇద్దరే. సార్‌కి చెబితే "చూద్దాంలే" అన్నారు. అంటే చూడరనే కదా! పోస్టర్లు వేద్దామా, సంతకాలు సేకరిద్దామా?

జవాబు 1 (కిందటేడు డిగ్రీ అయిపోయింది)

పోస్టర్ల జోలికి పోకండి. నేను పోయి దెబ్బతిన్నాను.

మా మేడమ్ ముందు ఆరు స్లైడ్లు చూపించాను. అమెరికాలోని ఎమ్ఐటీ యూనివర్సిటీ 2001లో తన కోర్సుల్లో దాదాపు అన్నిటి పాఠ్యసామగ్రినీ ఉచితంగా నెట్‌లో పెడతానని ప్రకటించిందని, 2002లో యునెస్కో సమావేశంలో ఇలా అందరూ ఉచితంగా వాడుకోగల పాఠ్యసామగ్రికి ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అని పేరు పెట్టారని, చరిత్రంతా చదివాను. ఆవిడ ఓపిగ్గా విని, "మంచిదే. మరి నా మూడో యూనిట్ ఇందులో ఎక్కడుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చెమటలు పట్టాయి.

ఆ రాత్రి కూర్చుని ఒక్క యూనిట్‌కి కాగితం తయారు చేశాను. ఎడమ పక్క మా సిలబస్‌లో ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, కుడి పక్క పుస్తకంలో ఆ విషయం ఎక్కడుందో. ఆసిలేషన్స్ మొత్తం మొదటి వాల్యూమ్ 15వ అధ్యాయంలో ఉంది. డ్యాంప్డ్ ఆసిలేషన్స్ 15.5లో, ఫోర్స్‌డ్ 15.6లో. కపుల్డ్ ఆసిలేటర్స్ దగ్గరికొచ్చేసరికి పుస్తకంలో లేదు. వదిలేద్దామనిపించింది, కానీ దాచకుండా "లేదు" అనే రాసి, పక్కన ఎమ్ఐటీ ఉచిత పాఠాల సైట్ ఓపెన్‌కోర్స్‌వేర్‌లోని 8.03 వైబ్రేషన్స్ అండ్ వేవ్స్ కోర్సు పేరు పెట్టాను. అందులో కపుల్డ్ ఆసిలేటర్స్ మీద వీడియో పాఠాలు ఉన్నాయి.

మేడమ్ చూపు ఆగింది ఆ "లేదు" దగ్గరే. "ఇది నువ్వు నిజంగా చదివావన్నమాట" అన్నారు. అప్పటికప్పుడు పాత పుస్తకం పక్కన పెట్టేయలేదు లెండి. ఆ యూనిట్ హోంవర్క్‌కి మాత్రం రెండు పుస్తకాల్లోంచీ లెక్కల నంబర్లు ఇచ్చారు. జనం పుస్తకం తెరిచింది ఆ రోజే! హోంవర్క్ నంబర్ అందులో ఉంటే ఎవరూ బతిమాలక్కర్లేదు.

ఇంకోమాట. సెమిస్టర్ మధ్యలో అడక్కండి. వచ్చే సెమిస్టర్ పుస్తకాల జాబితా ఖరారయ్యే ముందు వెళ్లండి.

జవాబు 2 (పాఠాలు చెప్పేవాణ్ణి)

పై కుర్రాడు చెప్పింది నిజం. మా వైపు ఇబ్బంది కూడా వినండి. పుస్తకం మారిస్తే నోట్సు, లెక్కల నంబర్లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. ఆ పని చేయడానికి ఎవరూ సెలవివ్వరు. "ఫ్రీ సార్" అంటే నాకు ఒరిగేదేముంది, నేను కొనే పుస్తకం కాదు కదా! "మూడో వారం వచ్చినా ఇరవై మంది దగ్గర పుస్తకం లేదు సార్" అనండి, అప్పుడు గుచ్చుకుంటుంది.

ఓపెన్‌స్టాక్స్ పుస్తకం వెనక బేసి సంఖ్య లెక్కలకే జవాబులుంటాయి. మిగతావి టీచర్ అని నిర్ధారించుకున్నాకే ఇస్తారు. కాబట్టి పరీక్షకు లెక్కలు మిగలవేమోనన్న భయం అక్కర్లేదు. ఈ సంగతి మీ సార్‌కి తప్పకుండా చెప్పండి.

జవాబు 3 (లైబ్రరీలో పనిచేస్తాను)

ఒక జాగ్రత్త. పోయినసారి ఇలాగే ఉత్సాహపడిన ఒక అబ్బాయి తను చేసిన జాబితాలో స్కాన్ చేసిన మామూలు పుస్తకాలు కూడా కలిపేశాడు. అవి దొంగ కాపీలని లెక్చరర్ గుర్తుపట్టారు. దాంతో మంచివి కూడా చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఉచితంగా దొరికిందల్లా ఓపెన్ కాదమ్మా. పుస్తకం మొదటి పేజీల్లో క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్, అంటే పుస్తకాన్ని ఎలా వాడుకోవచ్చో రాసినవాళ్లే ముందుగా ఇచ్చే అనుమతి, ఉందో లేదో చూడండి.

అందులోనూ తేడాలున్నాయి. సీసీ బై అంటే రాసినవాళ్ల పేరు చెప్పి కాపీ తీయొచ్చు, మార్చొచ్చు, తెలుగులోకి తెచ్చి పంచొచ్చు. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినది పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందకే వస్తుంది. ఒకే సంస్థవైనా పుస్తకం పుస్తకానికీ లైసెన్స్ వేరుగా ఉండొచ్చు. ఓపెన్‌స్టాక్స్‌లోనే యూనివర్సిటీ ఫిజిక్స్ సీసీ బై, క్యాలిక్యులస్ మాత్రం ఎన్‌సీతో ఉంటుంది.

మీ లైబ్రేరియన్‌ని కూడా కలవండి. కోర్సు పేరుతో వెతికితే ఈ పుస్తకం కేటలాగ్‌లో కనబడేలా చేయమని అడగండి. అది మాకు పెద్ద పనేం కాదు, అడిగేవాళ్లే లేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. నిన్న వేవ్స్ యూనిట్‌కి కాగితం మొదలుపెట్టాను. 16వ అధ్యాయంతో దాదాపు సరిపోయింది, రెండు టాపిక్‌ల దగ్గర "లేదు" అని రాయాల్సి వచ్చింది. మొదట్లో సిగ్గేసింది, ఇప్పుడు వాటికే ఎర్ర ఇంకు వాడుతున్నాను. గ్రూపులో లింక్ తెరిచిన ఆ ఇద్దరినీ పట్టుకున్నాను, చెరో యూనిట్ చేస్తామన్నారు. సోమవారం సార్ దగ్గరికి వెళ్తున్నాం.