బేనిషానా, బేనిషాయా?

తోటలో మామిడి అంటుమొక్కలకు బోర్డులు రాస్తున్నాను. చిన్నప్పుడు తాతయ్య బుట్టలో కాయలు సర్దుతూ "నిశానీ లేని పండురా, నవాబు..." అంటూ ఏదో అనేవారు. మిగతా సగం గుర్తు రావడం లేదు. ఎవరైనా విన్నారా? పనిలో పని, బేనిషాన్ అని రాయాలా, బేనిషా అనా?

— చివరి 'న్' వదలకండి. ఫారసీలో నిషాన్ అంటే గుర్తు, మచ్చ. దస్తావేజుల్లో మన నిశానీ అదే. 'న్' తీస్తే 'షా' మిగిలి రాజుగారి పండు అయిపోతుంది.

— 'న్' సరే, ప్రాణమంతా 'బే'లో ఉంది. బేఖాతరు, బేషరతు, బేకారు అన్నిట్లో 'లేని' అనే అదే 'బే'. 'బెనిషాన్' అని పొట్టి చేసి రాస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

— హాయిగా 'మచ్చలేని మామిడి' అని రాస్తే పోలా?

— వద్దండీ. సాగు రకాల పేర్లకు 1953 నుంచి అంతర్జాతీయ నియమావళి ఉంది. లిపి మార్చుకోవచ్చు, అనువదించకూడదు. 'పీస్' గులాబీనే చూడండి. ఫ్రాన్సులో గులాబీలు పెంచే మెయ్యా తన తల్లి పేరున 'మదామ్ ఎ. మెయ్యా' అని పెట్టుకున్న పువ్వు అది. 1945లో అమెరికాలో 'పీస్' అయింది, జర్మనీలో 'గ్లోరియా డేయి', ఇటలీలో 'జోయా'. ఆ తల్లి పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసు?

— మరి హిమాం పసంద్? ఇమాంకి నచ్చిందా, హుమాయూన్‌కా? హుమాయూనే నలిగి 'హిమాం' అయిందని నేనంటాను. హిమాయత్ అంటే రక్షణ, అది వేరే మాట. పసందు మాత్రం ఎప్పుడో మనింటిదైపోయింది.

— రసాలను మరిచారు. చిన్నరసం, పెద్దరసం 'రసాలం' నుంచి వచ్చాయని నా నమ్మకం. పోతనగారి 'బాల రసాల సాల' తలుచుకోండి. లేత మామిడి అక్కడే ఉంది. ఆ 'ల'కారాలు పలుకుతుంటే నోట్లో చిగురు పెట్టుకున్నట్టే ఉంటుంది!

— మాస్టారూ, రసం పండు నలిపి జుర్రుకున్నవాళ్ళెవరూ ఒప్పుకోరు.

— బేనిషాన్ దగ్గరికి రండి. మా వైపు కోతవాళ్ళు సొన చార పడని కాయనే అలా అంటారు. తొడిమ ఊడితే సొన కారి, పండేసరికి నల్ల చార తేలుతుంది. అదే నిషాన్. ఆ పేరు కోతను బట్టి వచ్చిందేమో.

— తాతయ్య కూడా తొడిమ వేలెడు ఉంచి కోయించేవారు! ఆ మాట చివర 'తొడిమ' ఉందని ఇప్పుడు తడుతోంది. నవాబు మాత్రం ఇంకా అతకడం లేదు. 'బే'కి దీర్ఘం పెట్టి బోర్డు రాసేశాను.