ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) మొదటి టర్మ్: ‘వచ్చేస్తా’ అన్న పిలకాయని తెచ్చుకోవాలా, వద్దా?

కావలి పేరెంట్: పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉండే ఎన్‌డీఏలో చేరిన పిలకాయలు రెండు నెలలు తిరక్కముందే "నావల్ల కాదు, వచ్చేస్తా" అని ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి? ఎస్‌ఎస్‌బీ (సెలక్షన్ ఇంటర్వ్యూ) దాకా దారి చెప్పేవాళ్లు చాలామంది ఉండారు. ఆ తర్వాత సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు మాస్టారు: తెచ్చుకోమనే నా మాట. అక్కడ మూడేళ్లు, ఆర్మీ అయితే డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది. మనసు లేని బిడ్డ అన్నాళ్లు నెట్టుకురాలేడు. పైగా సొంత కారణాలతో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టమని అడగొచ్చు. ఆలస్యం చేసేకొద్దీ ఆ లెక్క పెరుగుద్ది.

నెల్లూరు సుబేదార్ (రిటైర్డ్): మాస్టారూ, ఖర్చు మాట నిజమే. కానీ మొదటి టర్మ్‌లో ఆ మాట అనిపించేది చాలావరకు నిద్రలేమి. తెల్లారకముందే లేచి పీటీ, డ్రిల్, పరుగున బట్టలు మార్చుకుని క్లాసు, సాయంత్రం ఆటలు. క్లాసులో కునుకు తీస్తే చదువు దెబ్బతింటుంది. పీటీ, ఈత, చదువు గట్టెక్కకపోతే రెలిగేషన్, అంటే ఆరు నెలలు వెనక్కి. పిలకాయలకి ఆ భయమే జాస్తి. అందుకని ఫోన్‌లో ఏడవకండి. "తాడెక్కడంలో ఆగిపోతా ఉండావా, చిన్-అప్స్‌లోనా? తర్వాతి టెస్టు ఎప్పుడు?" అని అడగండి. వివరంగా జవాబిస్తే వాడు ఇంకా ఆటలో ఉన్నట్టే.

నెల్లూరు ఫిజియో: మనసు సంగతి తేల్చేముందు కాలు సంగతి అడగండి. మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్ (పరుగు ఎక్కువై వచ్చే కాలి ఎముక నొప్పి) కావచ్చు. ఒకే చోట, వేలు పెట్టి నొక్కితే ప్రాణం లాగేసేట్టు ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్న చీలిక) అని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. భారం ఒక్కసారిగా పెరిగితే ఎముక కోలుకునేలోపే మళ్లీ దెబ్బ పడుతుంది, కారణం అదే. రెలిగేషన్ భయంతో నొప్పి మాత్రలు మింగి పరిగెత్తితే చీలిక కాస్తా పూర్తిగా విరుగుతుంది. ఎంఐ రూమ్‌కి, అంటే అకాడమీలో డాక్టర్ చూసే గదికి పొమ్మని గట్టిగా చెప్పండి. బాగా కష్టపడ్డాక మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు కరిగిపోతున్న గుర్తు, మూత్రపిండాలకు ముప్పు. అప్పుడు గంట కూడా ఆగకూడదు. ఇంకా చేరనివాళ్లు మూడు నెలల ముందు నుంచి పరుగు కొంచెం కొంచెంగా పెంచండి. మైపాడు ఇసకలో పరుగు ఒక్కటే చాలదు, గట్టి నేల అలవాటు కావాలి. ఈత స్విమ్మింగ్‌పూల్‌లో, కోచ్ దగ్గర నేర్పించండి. పెన్నలో వద్దు.

ఒంగోలు మాస్టారు: దెబ్బల మాట ఒప్పుకుంటా. సీనియర్లు కొడతా ఉంటే?

నెల్లూరు సుబేదార్ (రిటైర్డ్): దానికి ఓర్పు పనికిరాదు. ఆ రోజే పిలకాయ ఉండే స్క్వాడ్రన్‌లో (క్యాడెట్ల బృందం) వాళ్ల బాగోగులు చూసే డివిజనల్ ఆఫీసర్‌కి తేదీ, సమయం, దెబ్బ ఎక్కడో రాసి పంపండి. మామూలు అలసటకి మాత్రం ఆయనకి ఫోన్ చెయ్యొద్దు. మానెయ్యాలా వద్దా అనేది టర్మ్ సెలవుల్లో, బాగా నిద్రపోయాక, ఇంట్లో కూర్చోబెట్టి అడగండి.

ఒంగోలు మాస్టారు: నాలుగైదు వారాలు వరసగా అదే మాటంటే సెలవుల దాకా ఆగమని నేను చెప్పను.